మైనం కింద రంగు ఎందుకు పాకింది? అడ్డుపెట్టి అద్దే పద్ధతుల గురించి కాస్త వివరంగా

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెబుతాను. కాటన్ బట్ట మీద ప్రోసియాన్ ఎంఎక్స్ రకం రియాక్టివ్ రంగులతో, అంటే పోగుతో రసాయన బంధం పెట్టుకుని పట్టే రంగులతో, ఇంట్లోనే అద్దుతున్నారు. డిజైన్ కోసం మూడు రకాలుగా అడ్డు పెట్టి చూశారు. మైనంతో గీసిన గీతల కిందికి రంగు పాకింది. మైదా పేస్టు బకెట్‌లో ముంచగానే జావై ఊడిపోయింది. దారంతో గట్టిగా కట్టిన చోట తెల్లగా ఉండాల్సింది లేత నీలంగా వచ్చింది. వీటిలో ఏది గట్టిగా ఆగుతుందని అడిగారు.

మూడూ ఆగేవే. నేను 20 ఏళ్లకు పైగా ఈ పని చేస్తున్నాను. మొదటి నాలుగైదేళ్లు నాదీ ఇదే గోల, ఇంకా మంచి మైనం ఎక్కడ దొరుకుతుంది, ఇంకా గట్టి దారం ఏది అని. ఇప్పుడు కొత్త బట్ట చేతిలోకి తీసుకోగానే నేను చూసుకునేది వేరు. రంగులో ముంచుతానా, బ్రష్‌తో పూస్తానా? రంగు నీళ్లు ఎంత వేడిగా ఉంటాయి? ఎంతసేపు ఉంచాలి? ఇవి తేలితే ఏ అడ్డు పెట్టాలో దానంతటదే తేలిపోతుంది. వేడి నీళ్లంటే మైనం వద్దు. ఎక్కువసేపు నానాలంటే పిండి పేస్టులు వద్దు. సన్నటి, శుభ్రమైన గీత కావాలంటే దారం కట్టడం వద్దు. మీ మూడు ప్రయత్నాల్లో మైదాది మాత్రమే ఈ పొత్తు కుదరక పోయింది. మిగతా రెండింటి కథ వేరు.

మైనం సంగతి చూద్దాం. గీసిన వెంటనే ఆ గీత ఎలా కనబడిందో గుర్తుచేసుకోండి. నూనె పడ్డ కాగితంలా ఆ చోటు ముదురుగా, వెలుతురు దూరేలా కనబడితే మైనం నేతలోకి దిగినట్టు. తెల్లగా, మసకగా, పైన గడ్డకట్టినట్టు ఉంటే అది ఉత్త పైపూత. అలాంటి గీత కిందికి రంగు వెనకవైపు నుంచి వచ్చేస్తుంది. మీది ఈ రెండో రకమని నా గట్టి నమ్మకం, ఎందుకంటే కొత్తవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమందికి ఇదే జరుగుతుంది.

దీనికి కారణం మైనం చాలినంత వేడిగా లేకపోవడం. పారఫిన్ మైనం సుమారు 55–60 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, తేనె మైనం 62–64కి. కరిగింది కదా అని మనం గీయడం మొదలుపెడతాం. గిన్నెలోంచి బ్రష్ తీసి బట్ట దాకా తెచ్చేలోపే అది గడ్డకట్టే దశకు వచ్చేస్తుంది. గీయడానికి పనికొచ్చే వేడి 115–125 డిగ్రీల దగ్గర ఉంటుంది. నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించే పద్ధతి భద్రమైనదే కానీ, అందులో వేడి 100 డిగ్రీలు దాటదు. పల్చటి మల్లు బట్టకు అది సరిపోవచ్చు, మందపాటి కాటన్‌కు చాలదు. వేడి ఒకే స్థాయిలో నిలిపే థర్మోస్టాట్ ఉన్న కరెంటు పాన్ కొనుక్కోవడం మేలు. పొగ వస్తోందంటే హద్దు దాటినట్టే. ఆ పొగ పీల్చకూడదు. మంట అంటుకుంటే నీళ్లు అస్సలు పోయకూడదు, మూత పెట్టి కరెంటు ఆపేయాలి. ఒకసారి ఫోన్ మోగిందని పక్క గదిలోకి వెళ్లి వచ్చేసరికి గదంతా పొగ నిండిపోయింది. ఆ రోజు మూత చేతికి అందేంత దగ్గర ఉండబట్టి సరిపోయింది. అప్పటినుంచి మూత పక్కన లేకుండా మైనం పెట్టను.

రెండో సంగతి, బట్టను బల్ల మీద పరిచి గీయకండి. మైనం బల్లకు అంటుకుంటుంది, బట్ట పైకి లేపినప్పుడు వెనక పొర అక్కడే ఊడిపోయి ఉండిపోతుంది. చట్రానికి బిగించి, కింద ఖాళీ ఉండేలా గీయాలి. పూర్తయ్యాక తిరగేసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మైనం దిగని చోట్లు ఇట్టే తెలిసిపోతాయి. అక్కడ వెనకనుంచి మళ్లీ గీయాలి. ఇది తప్పు దిద్దుకోవడం అనుకోకండి. జావా బాతిక్‌లో, అంటే మైనం అడ్డుపెట్టి అద్దే పనిలో, చాంటింగ్ అనే చిన్న రాగి ముక్కు గిన్నెతో ముందువైపు గీశాక, వెనకవైపు కూడా అవే గీతలు గీయడం పనిలో ఒక దశ. అంత చేయి తిరిగినవాళ్లే రెండుసార్లు గీస్తుంటే మనకేం నామోషీ?

ఇక ఏ మైనం అంటే, పారఫిన్ పెళుసు. మడత పడితే పగులుతుంది, ఆ పగుళ్లలోకి రంగు దిగి నెరలు వస్తాయి. బాతిక్ అనగానే చాలామందికి గుర్తొచ్చే ఆ నెరల అందం దీనివల్లే. తేనె మైనం సాగుతుంది, పగలదు. సగం సగం కలుపుకుంటే మొదట్లో ఇబ్బంది ఉండదు. నెరలు కావాలనుకుంటే పారఫిన్ పాలు పెంచి, రంగులో ముంచే ముందు బట్టను చల్లటి నీళ్లలో ఉంచి కావలసిన చోట నలపండి. వద్దనుకుంటే బకెట్ మానేసి వెడల్పాటి ట్రేలో బట్టను పరచినట్టుగా అద్దండి. బకెట్‌లో కుక్కితే మీరు కోరకపోయినా నెరలు వస్తాయి. పిండడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

సోయా మైనం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది వేడి నీళ్లు, సబ్బుతోనే వదిలిపోతుందని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. నిజమే, వదలడం చాలా తేలిక. కానీ అది మూలంలో నూనె. క్షారం తగిలితే నూనె సబ్బుగా మారుతుంది కదా, ఈ రంగులు పోగుకు పట్టడానికి వేసే సోడా యాష్ కూడా క్షారమే, అది ఉన్న నీళ్లలో గంటల తరబడి ఉంచితే సోయా మైనానికీ మెల్లగా అదే జరుగుతుంది, పట్టు సడలుతుంది. బ్రష్‌తో రంగు పూసే పనికి వాడండి, ముంచే పనికి వద్దు.

మీరు ఎంచుకున్న రంగు మాత్రం మైనానికి తగినదే. 1956లో బ్రిటన్ రసాయనాల కంపెనీ ఐసీఐ ప్రోసియాన్ రంగులను మార్కెట్‌లోకి తెచ్చాక, మామూలు గది వేడిలోనే కాటన్‌కు గట్టిగా పట్టే ముదురు రంగులు మైనంతో పనిచేసేవాళ్లకు అందుబాటులోకి వచ్చాయి. 35 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే మైనం కదలదు. రెమజాల్ అనే ఇంకో రకం రియాక్టివ్ రంగులైతే ఇంకాస్త వేడి అడుగుతాయి, అందుకే బాతిక్ చేసేవాళ్లు చాలామంది వాటిని బ్రష్‌తో పూసి, ఆరాక పైన రంగును పట్టించే సోడియం సిలికేట్ అనే క్షార ద్రవం పూసి కొన్ని గంటలు వదిలేస్తారు. ఏ డబ్బాలో ఏ రకం ఉందో చూడకుండా చేతికొచ్చినది వాడితే మైనం తప్పు లేకపోయినా మైనాన్నే తిట్టుకుంటాం.

మైదా పేస్టు విషయంలో పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. అది ముంచడానికి పుట్టింది కాదు. మైదా, నీళ్లు దాదాపు సమంగా కలిపి, ఉండలు లేకుండా దోసెల పిండిలా చేసి, బట్టను బల్లకు పిన్నులతో బిగించి, రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పరచండి. పూర్తిగా ఆరనివ్వాలి, అంటే ఒక రోజంతా. ఆరుతూ అది ముడుచుకుని బట్టను లాగుతుంది, పిన్నులు అందుకే. తర్వాత చేత్తో నలిపితే పగుళ్లొస్తాయి. ఆ పగుళ్లలోకి సముద్రపు నాచు నుంచి తీసే సోడియం ఆల్జినేట్‌తో చిక్కబరిచిన రంగును బ్రష్‌తో రుద్దాలి. నీళ్లలా పల్చటి రంగు వేస్తే పేస్టు నానిపోతుంది, మీకు జరిగింది అదే. సోడా యాష్‌లో ముందే ముంచి ఆరబెట్టిన బట్ట మీద పేస్టు వేస్తే రంగు దానంతటదే పట్టుకుంటుంది, తర్వాత ఆవిరి పెట్టే పని ఉండదు. చిక్కదనానికి గంజి ఎందుకు కలపకూడదని అడుగుతారేమో. గంజి పిండిపదార్థం. రియాక్టివ్ రంగుకు బట్ట ఎంతో గంజీ అంతే, రెండింటినీ పట్టేసుకుంటుంది. సగం రంగు గంజితో పాటు కాలువలోకి పోతుంది. ఆల్జినేట్‌తో ఆ బాధ లేదు.

పిండి పేస్టుతో ముంచే పని జరిగే చోటు ఒకటుంది, అది నీలిమందు తొట్టి. జపాన్‌లో జిగురు బియ్యపు పిండి, తవుడు, ఉప్పు, సున్నం కలిపి ఉడికించిన పేస్టు వేస్తారు. నైజీరియాలో యొరూబా ఆడవాళ్లు కర్రపెండలం గంజితో ఆదిరే అనే నీలిమందు బట్టల మీద బొమ్మలు వేస్తారు. రాజస్థాన్‌లో మట్టి పేస్టు అడ్డుపెట్టే దాబు పనిలో బంకమన్ను, సున్నం, జిగురు కలుపుతారు. ఇవన్నీ నీలిమందులో ఆగడానికి కారణం ఆ తొట్టి స్వభావమే. అందులో నీళ్లు మరిగేంత వేడి ఉండక్కర్లేదు, ఒక్కో ముంపు కొద్ది నిమిషాలే, తీయగానే గాలి తగిలి రంగు అక్కడే గడ్డకట్టి నిలిచిపోతుంది. పేస్టు నాని ఊడేలోపు పని అయిపోతుంది. మీ రియాక్టివ్ రంగు బకెట్‌లో గంట సేపు ఉంచాలి, అంతసేపు ఏ పిండి ఆగుతుంది చెప్పండి? పిండి పేస్టు మీద మనసు పడితే నీలిమందు నేర్చుకోండి, నా మాట వినండి.

ఇప్పుడు దారం దగ్గరికి వద్దాం. నాకు బాగా ఇష్టమైన పని ఇది, కాబట్టి కాస్త ఎక్కువ మాట్లాడతాను.

కట్టిన చోట లేత నీలం రావడానికి రెండు దారులున్నాయి. ఒకటి, అద్దేటప్పుడే రంగు లోపలికి పాకడం. రెండోది, అద్దకం బాగానే జరిగి, ఉతికేటప్పుడు తెల్లభాగం మురికిపడటం. ఏది జరిగిందో కనిపెట్టడం తేలిక. తెల్లభాగం అంచు దగ్గర ముదురుగా, మధ్యకు పోయేకొద్దీ లేతగా ఉంటే రంగు పాకినట్టు. అంతా ఒకే రకం లేత నీలంగా ఉంటే ఉతకడంలో చెడింది.

పాకడం గురించి ముందు. చాలామంది పుస్తకపద్ధతిలో అద్దుతారు. రంగు, ఉప్పు కలిపిన నీళ్లలో బట్టను 20 నిమిషాలు తిప్పుతారు, తర్వాత సోడా యాష్ వేస్తారు. చీర మొత్తం ఒకే రంగు రావాలంటే అది మంచి పద్ధతి, ఎందుకంటే సోడా పడేదాకా రంగు ఎక్కడా అతుక్కోకుండా ప్రతి పోగులోకీ తిరుగుతుంది. కట్టిన బట్టకు సరిగ్గా అదే శత్రువు. ఆ 20 నిమిషాల్లో రంగు ముడి కిందికి తాపీగా నడిచి వెళ్తుంది. నేను దీన్ని తలకిందులు చేస్తాను. కట్టిన బట్టను ముందు లీటరుకు 50–60 గ్రాముల సోడా యాష్ కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టి, గట్టిగా పిండి, అప్పుడు రంగు తగిలిస్తాను. రంగు తాకీ తాకగానే పోగుకు పట్టుకోవడం మొదలవుతుంది. ముడి లోపలికి వెళ్లేలోపు చాలావరకు బయటే ఖర్చైపోతుంది. ఈ ఒక్క మార్పుతో నా ముడుల అంచులు ఎంత తేరుకున్నాయో మాటల్లో చెప్పలేను.

దీంతోపాటే ఇంకో విషయం, కట్టిన బట్టను పొడిగా రంగులో వేయకండి. పొడి పోగు ఒత్తిలా రంగును లోపలికి పీల్చుకుంటుంది. ముందే నీళ్లతో నిండిన పోగు అంత ఆత్రంగా పీల్చదు. మైనానికి, పేస్టుకు బట్ట ఎండు రొట్టెలా పొడిగా ఉండాలి, ముడికి తడిగా ఉండాలి. కొత్తవాళ్లు ఈ రెండూ తారుమారు చేయడం నేను చాలాసార్లు చూశాను.

దారం విషయానికొస్తే, పాలియెస్టర్ దారం, దానికి కాస్త మైనం రాసుకుంటే ఇంకా మంచిది. కాటన్ దారం తానే రంగు తాగి కింది బట్టకు అందిస్తుంది. పలకల మధ్య బిగించే పద్ధతి, అంటే జపాన్ వాళ్ల ఇటాజిమే, చేయాలనుకుంటే చెక్క పలకల కంటే అక్రిలిక్ పలకలు నయం, చెక్క కూడా రంగు పీల్చి వదులుతుంది. ఎన్ని మడతలు వేస్తే లోపలి మడతలకు అంత తక్కువ రంగు చేరుతుంది. అందుకే దొంతరలా కాకుండా విసనకర్రలా మడవాలి, ప్రతి మడత అంచూ బయటికి కనబడాలి. కుట్టి లాగే పద్ధతిలో తెల్ల గీత రావడం రాకపోవడం అంతా ఆఖరి లాగుడు మీదే ఉంది. బట్టను తడిపి, ఒక్కొక్క దారాన్ని కుచ్చులు రాయిలా అయ్యేదాకా లాగి, ముడివేయాలి. వేళ్లు నొప్పెట్టకపోతే సరిగ్గా లాగనట్టే.

రంగు ఎంపిక కూడా అంచును మారుస్తుంది. దుకాణంలో దొరికే ఊదా, ముదురు ఆకుపచ్చ వంటివి చాలావరకు రెండు మూడు రంగుల కలయికలు. ఊదాలో ఎరుపు త్వరగా పట్టేస్తుంది, నీలం ఆలస్యంగా పడుతుంది, ఆ ఆలస్యంలో ముడి కిందికి ఇంకాస్త దూరం నడుస్తుంది. అందుకే ఊదా రంగు ముడి చుట్టూ నీలపు వలయం కనబడుతుంది. కొందరికి అది లోపం. నేనైతే కావాలనే తెచ్చుకుంటాను. పదునైన అంచు కావాలంటే కలపని, ఒంటి రంగులు వాడండి.

ఇక ఉతకడం. పాడైన బట్టల్లో సగం ఇక్కడే పాడవుతాయని నా లెక్క. మీ లేత నీలం కూడా అంతా ఒకే తీరుగా ఉంటే ఇదే కారణం. రియాక్టివ్ రంగు మొత్తం బట్టకు పట్టదు. కొంత భాగం నీళ్లతోనే కలిసి చచ్చిపోతుంది, ఇక అది పోగుతో బంధం పెట్టుకోలేదు. కానీ పోగును అంటిపెట్టుకుని కూర్చుంటుంది, ఉప్పు, సోడా ఉన్నంతసేపు మరీ గట్టిగా. ఉతికేటప్పుడు ఇది బయటికొచ్చి తెల్లభాగం మీద చేరుతుంది. కాబట్టి మొదట చల్లటి నీళ్లు. ముడులు విప్పకుండానే, కుళాయి కింద పారే నీళ్లలో, నీళ్లు బాగా తేటపడేదాకా. దీనివల్ల ఉప్పు, సోడా పోతాయి. అప్పుడు ముడులు విప్పి మళ్లీ చల్లటి నీళ్లలో ఒకటి రెండు సార్లు. ఆ తర్వాతే 60 డిగ్రీలు దాటిన వేడి నీళ్లు, కొద్దిగా డిటర్జెంట్. ఈ వేడికే ఆ చచ్చిన రంగు పోగును వదులుతుంది. నీళ్లు ధారాళంగా ఉండాలి, బట్ట కదులుతూ ఉండాలి. ఉప్పు పోకముందే వేడి నీళ్లలో వేసి అలా వదిలేస్తే మీరే చేతులారా రెండోసారి అద్దినట్టు.

ఇది తెలిసి కూడా నేను ఒక డబుల్ బెడ్‌షీట్ పోగొట్టుకున్నాను. మూడు రోజులు కూర్చుని కుట్టిన షీట్. రాత్రి పదకొండున్నరకి విప్పాను, తెల్లభాగం పాలలా ఉంది. అలసిపోయి, పొద్దున ఉతుకుదాంలే అని నీళ్ల బకెట్‌లో పడేసి పడుకున్నాను. పొద్దున చూస్తే పాలు కాస్తా నీలిమందు కలిపిన గంజిలా ఉన్నాయి. ఇప్పుడు ఎంత రాత్రైనా సరే, చల్లటి నీళ్ల పని పూర్తి కాకుండా పడుకోను. తడిబట్టను మడిచి పెట్టను కూడా.

మైనం ఉన్న బట్టకు మొదట్లోనే వేడి నీళ్లు వాడలేం కదా, అందుకని చల్లటి నీళ్ల దశను ఇంకా ఎక్కువసార్లు చేయాలి. తర్వాత పెద్ద గిన్నెలో నీళ్లు మరిగించి, కాస్త సబ్బు వేసి, బట్టను కర్రతో తిప్పుతూ ముంచాలి. మైనం పైకి తేలుతుంది. బట్టను ఆ తెట్టులోంచి పైకి తీయకండి, మళ్లీ అంటుకుంటుంది. తెట్టును ఒక పక్కకు జరిపి తీసి, వెంటనే ఇంకో వేడి నీళ్ల గిన్నెలో వేయండి. నీళ్లు చల్లారాక మైనం పలకలా గట్టిపడుతుంది, ఎత్తి దాచుకుంటే నెరల పనికి మళ్లీ వాడుకోవచ్చు. ఆ నీళ్లు వేడిగా సింక్‌లో పోస్తే మైనం పైపులో గడ్డకడుతుంది, తర్వాత ప్లంబర్‌కు సంజాయిషీ చెప్పుకోవాలి. కాగితాల మధ్య పెట్టి ఇస్త్రీ చేసి మైనం తీయడం అందరూ చెబుతారు, కానీ దాంతో మొత్తం పోదు, గీత చుట్టూ నూనె మరకలాంటి నీడ మిగులుతుంది. పట్టుబట్టను సోడా వేసి మరిగించకూడదు కాబట్టి దానికి మాత్రం ఇస్త్రీ, ఆపైన డ్రైక్లీనింగ్ తప్పదు.

బట్టను ముందు శుభ్రం చేయడం గురించి మీరు ఏమీ రాయలేదు. కొత్త కాటన్ మీద మిల్లు గంజి ఉంటుంది. సోడా, డిటర్జెంట్ వేసి వేడి నీళ్లలో ఉతికి, ఆరాక ఒక నీటి చుక్క వేసి చూడండి. చుక్క వెంటనే ఇంకిపోతే సరే. ముత్యంలా నిలబడితే మళ్లీ ఉతకాలి. గంజి ఉన్న బట్టలోకి మైనమూ దిగదు, రంగూ దిగదు. ఉతికిన బట్టకు సాఫ్ట్‌నర్ పెట్టవద్దు. ఇంకో మాట, రంగు పొడి కలిపేటప్పుడు మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి. రియాక్టివ్ రంగు పొడి పీలిస్తే కొందరికి ఉబ్బసం లాంటి ఎలర్జీ పట్టుకుంటుంది, ఒకసారి వచ్చిందంటే ఈ పనే మానుకోవాల్సి వస్తుంది.

ఆఖరుగా, మీ దగ్గరున్న ఆ లేత నీలం బట్ట. బ్లీచ్ పెట్టి తెల్లగా చేయాలని చూడకండి, డిజైన్ కూడా పోతుంది. ముందు ఒక మూల కత్తిరించి మరిగే నీళ్లలో డిటర్జెంట్ వేసి పది నిమిషాలు ఉంచండి. ఉతకడంలో చెడిందైతే నీలం చాలావరకు వదిలేస్తుంది, అప్పుడు బట్ట మొత్తానికీ అదే చేయండి, రెండు మూడు సార్లైనా పరవాలేదు. ఏమీ వదలకపోతే రంగు నిజంగానే పట్టింది. అలాంటప్పుడు లేత నీలాన్నే మీ తెలుపు అనుకోండి. ఆరబెట్టి, ఆ లేత నీలం భాగాల మీద వేడి మైనం వేసి, మిగతాదంతా ఇంకా ముదురు నీలంలోనో నలుపులోనో ముంచండి. కోరమండల్ తీరపు పాత కలంకారీ అద్దకంలో నీలం కావాల్సిన చోటు మాత్రం వదిలి మిగతా బట్టంతా మైనం పూసి తొట్టిలో ముంచేవారు. మీరు చేసేది దానికి తిరగేసిన పని, నిలుపుకోవాల్సిన చోటే మైనం వేస్తారు. ఈసారి గీసిన వెంటనే తిరగేసి చూడటం మరిచిపోకండి. ఫలితం ఎలా వచ్చిందో రాయండి, ముఖ్యంగా ఆ మూల ముక్క నీలం వదిలిందో లేదో.